అరగంట తేడా

మొన్న శనివారం సంతలో ఒకమ్మాయి నన్ను ఆపింది. ఆశ్రమ పాఠశాలలో నా దగ్గర మూడు, నాలుగు తరగతులు చదివిన పిల్ల. ఇప్పుడు డి.ఎడ్. పూర్తి చేసి రెండేళ్ళయిందట. పక్కనే తల్లి గోనెపట్టా పరుచుకుని అడ్డాకుల కట్టలు అమ్ముకుంటోంది.

"మేడం, మీరు మాల్దీవులు ఎల్లొచ్చారు కదా. అక్కడికి టీచర్లని తీసుకుంటన్నారంట. ఎలగుంటాది మేడం అక్కడ? జీతం బాగిస్తారంట కదా?"

సంతలో నిలబడి ఎంతని చెప్పగలం? జీతం ఎంతో చెప్పాను. ఉండటానికి గది ఇస్తారని చెప్పాను. చేపలు బాగా దొరుకుతాయని కూడా చెప్పాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నేను ఎండుచేపలు కొనుక్కుని జీపెక్కి ఇంటికొచ్చేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం మనసు కుదురుగా లేదు. చెప్పినవన్నీ నిజాలే. కానీ సగమే చెప్పాను. రెండో సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయికి ఈ పుస్తకం చేరుతుందనే అనుకుంటున్నాను.

ముందు నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. మాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. 2002లో భీమిలి డైట్‌లో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను. రెండుసార్లు డీఎస్సీ రాసి కొద్దిలో పోగొట్టుకున్నాను. తర్వాత ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచరుగా చేరాను. ఆశ్రమ పాఠశాలలో పనిచేసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కరలేదు. చెయ్యనివాళ్ళ కోసం చెబుతాను. తెల్లారి ఐదున్నరకి పిల్లల్ని లేపడంతో రోజు మొదలవుతుంది. స్నానాలు, ప్రార్థన, టిఫిను, బడి, మధ్యాహ్నం భోజనం, మళ్ళీ బడి, ఆటలు, రాత్రి స్టడీ అవర్. నైటు డ్యూటీ ఉన్న రోజున అర్ధరాత్రి ఏ పిల్లకి జ్వరమొచ్చినా మనమే దగ్గరుండి పీహెచ్‌సీకి తీసుకెళ్ళాలి. వానాకాలం మలేరియా రోజుల్లో అయితే వరసగా మూడు నాలుగు రాత్రులు నిద్రుండదు. నా కన్నకూతురికి తల దువ్వి జడ వెయ్యడం నాకు నెలకి రెండుసార్లే కుదిరేది. ఊరి పిల్లలు నలభైమందికి మాత్రం రోజూ వేసేదాన్ని.

అయినా ఆ పని మీద నాకు కోపం లేదు. ఆ పిల్లలు మా పిల్లలే. కానీ కాంట్రాక్టు జీతం. ఏడాది ముగిస్తే మళ్ళీ రెన్యూవల్ కోసం ఎదురుచూడాలి. ఇంటి కోసం అప్పు చేశాం. పునాదులు, నాలుగు వరసల ఇటుకలు అయ్యాక డబ్బు ఆగిపోయింది, గోడలు వానకి నానిపోతున్నాయి. మా ఆయనకి ఎకరం కాఫీ తోట ఉంది, మిరియం తీగలు పాకించాడు. కాఫీ ఏడాదికొక్కసారి వస్తుంది, అప్పు వడ్డీ నెలనెలా వస్తుంది. మూడు లక్షల పైన ఉండేది అప్పటికి.

అప్పుడు నాతో ట్రైనింగ్ చేసిన శ్రీకాకుళం అమ్మాయి ఫోన్ చేసి మాల్దీవుల సంగతి చెప్పింది. తనక్కడ మూడేళ్ళుగా ఉందట. నేను దూరవిద్యలో డిగ్రీ కూడా చేసి ఉన్నాను. ప్రైమరీ తరగతులకి సరిపోతుందన్నారు. సర్టిఫికెట్లకి అటెస్టేషన్లు, పాస్‌పోర్టు, పోలీసు సర్టిఫికెట్టు, మధ్యలో ఒక ఏజెంటు ఫీజు. ఇవన్నీ అయ్యేసరికి ఆరు నెలలు పట్టింది. 2017 జనవరిలో బయల్దేరాను. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. గురుకులంలో ఆరో తరగతి.

వెళ్ళే ముందురోజు మా యమ్మ అడిగింది. "ఆ దేశంలో కొండలుంటాయా?"

ఉండవన్నాను. నిజంగానే ఉండవు. ఆ దేశంలో చాలా మటుకు నేల సముద్రానికి రెండున్నర మీటర్లు కూడా ఎత్తుండదు. మా ఊరి గొడ్ల పాక కూడా అంతకంటే ఎత్తే. దాదాపు 1200 దీవుల్లో జనం నివసించేవి రెండు వందల లోపే. మాలె విమానాశ్రయమే ఒక విడి దీవి. అప్పటికి ఇంకా వంతెన కట్టలేదు, విమానం దిగి పడవ ఎక్కి ఊళ్ళోకి వెళ్ళాలి. అక్కడినుంచి నేను పనిచెయ్యాల్సిన దీవికి మళ్ళీ పడవ. ఆ దీవి చివరి నుంచి చివరికి నడిస్తే పావుగంట, అడ్డంగా నడిస్తే ఐదు నిమిషాలు. వాగు లేదు, గెడ్డ లేదు. తాగేది ట్యాంకుల్లో పట్టిన వాననీళ్ళు. కుక్కలు ఉండవు, ఆ దేశంలోకే రానివ్వరు. మొదటి నెలంతా రాత్రుళ్ళు నాకు ఆ కుక్కల మొరుగుడు లేకపోవడమే వింతగా ఉండేది. ఊరు ఊరంతా ఎక్కడికో వెళ్ళిపోయినట్టుండేది.

బడి ఏడు గంటలకి మొదలు. మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా పిల్లలు వెళ్ళిపోతారు. పిల్లలు మంచివాళ్ళు. వాళ్ళ దివేహీ భాషని కుడి నుంచి ఎడమకి రాస్తారు, ఇంగ్లీషు, లెక్కలు ఎడమ నుంచి కుడికి. మూడో తరగతి పిల్లలు ఆ రెండూ గందరగోళం లేకుండా రాస్తుంటే ఆశ్చర్యంగా చూసేదాన్ని. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మోసే పిల్లలు నాకు కొత్త కాదు. ఒడియా మాట్లాడే కోటియా పిల్లలకీ, కువి మాట్లాడే కోందు పిల్లలకీ తెలుగు వాచకం చెప్పినదాన్ని. కాబట్టి తరగతి గదిలో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది అంతా ఒకటిన్నర తర్వాతే.

నమ్ముతారా, ఖాళీ సమయం అంటే ఏమిటో నాకు తెలియదు. ముప్ఫై ఏడేళ్ళు వచ్చినా ఎప్పుడూ ఒకదాని వెనక ఒక పని. పొలం పని, బడి పని, హాస్టలు పని, ఇంటి పని. అక్కడ ఒకటిన్నరకి గదికొచ్చి, అన్నం వండుకుని, తిని, గిన్నె కడిగి చూస్తే మూడు. తర్వాత ఏం చెయ్యాలి? మంచం మీద కూర్చుంటే తప్పు చేస్తున్నట్టుండేది. నా కూతురిని హాస్టల్లో, అమ్మని పొలంలో వదిలి నేనిక్కడ ఫ్యాను కింద కూర్చున్నాను అనిపించేది.

దాన్ని తప్పించుకోవడానికి పని పెంచుకున్నాను. బడి అనుమతి తీసుకుని సాయంత్రం ట్యూషన్లు మొదలుపెట్టాను. నాలుగున్నరకి ఒక బ్యాచి, దీపాలు పెట్టాక ఇంకో బ్యాచి. అక్కడ అందరికీ వైబర్ ఉంటుంది. తరగతికో గ్రూపు. రాత్రి పదకొండుకి కూడా ఏదో ఒక తల్లి "మిస్, రేపటి హోమ్‌వర్క్ ఏమిటి?" అని అడుగుతుంది. నేను వెంటనే జవాబిచ్చేదాన్ని. ఆలస్యం చేస్తే కాంట్రాక్టు పొడిగించరేమోనని భయం. ఎవరూ అలా అనలేదు. ఆ భయం నాతోబాటు మా ఏజెన్సీ నుంచే వచ్చింది. ఏటేటా రెన్యూవల్ కోసం తలవంచి నిలబడినవాళ్ళకి ఆ భయం ఏ దేశం వెళ్ళినా వదలదు.

జీతం రుఫియాల్లో వచ్చేది. అప్పట్లో ఒక రుఫియా మన నాలుగు రూపాయల పైనే. ట్యూషన్ డబ్బు కలిపితే ఇక్కడి జీతానికి నాలుగు రెట్లు. ఇంటి గోడలు లేస్తున్నాయి. మా ఆయన వాట్సాప్‌లో ఫొటోలు పెడుతున్నాడు. ఈ రోజు దర్వాజా పెట్టాం, ఈ రోజు లింటెల్, ఈ రోజు స్లాబు. గోడ పక్కన నిలబడి ఉన్న మనిషిని వదిలి గోడనే చూసేదాన్ని నేను. ఆయన చిక్కిపోయాడని ఆర్నెల్ల తర్వాత మా తోడికోడలు చెబితే తెలిసింది.

ఇప్పుడు అరగంట సంగతి చెప్పాలి. మనకీ మాల్దీవులకీ కాలంలో తేడా అరగంటే. ఇక్కడ పదిన్నర అయితే అక్కడ పది. అమెరికా వెళ్ళినవాళ్ళకి పగలు రాత్రి తారుమారవుతాయి, నాకు ఆ బాధ లేదు కదా అనుకున్నాను వెళ్ళేముందు. కానీ అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, శనివారం. ఆదివారం బడి. నా కూతురి హాస్టల్లో ఫోన్ మాట్లాడనిచ్చేది ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు వరకు. ఆ గంటలో నేను తరగతిలో ఉంటాను. నాకు సెలవున్న శుక్ర, శనివారాల్లో తను తరగతిలో ఉంటుంది. గడియారంలో అరగంటే దూరం, క్యాలెండరులో మాత్రం మేమిద్దరం ఎక్కడా కలవం.

నెలకొక ఆదివారం తల్లిదండ్రులు వెళ్ళి చూడొచ్చు. ఆ రోజు మా ఆయన తన ఫోన్ తీసుకెళ్ళేవాడు. నేను బడి అయ్యాక రెండు గంటలకి, అంటే మన రెండున్నరకి, చేసేదాన్ని. అది కూడా ఒక్కోసారి స్టాఫు మీటింగు ఉంటే కుదరదు.

2017 ఆగస్టులో అలాంటి ఒక ఆదివారం. మీటింగు అయ్యేసరికి మూడున్నర. గదికి పరుగెత్తుకొచ్చి ఫోన్ చేశాను. నాలుగున్నరకి ట్యూషన్ బ్యాచి వస్తుంది, ఇంకా అన్నం తినలేదు, వర్క్‌షీట్లు రాయాలి. మా అమ్మాయి ఏదో మొదలుపెట్టింది. వాళ్ళ గదిలో ఎవరితోనో గొడవ, ఎవరో పెట్టె తీశారు, ఆ పెట్టెలో ఏదో ఉంది. పిల్లలు చెప్పే పద్ధతి తెలుసు కదా, మొదటినుంచి చెబుతారు. నేను గడియారం చూస్తూ, "ఊఁ, తొందరగా చెప్పు, తొందరగా" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నానట. నాకు గుర్తు లేదు. తను లెక్కపెట్టింది.

"ఏటీ లేదు" అని ఫోన్ తండ్రికిచ్చేసింది.

తర్వాతి నెల మా ఆయన వెళ్ళినప్పుడు ఫోన్ తీసుకోలేదు. "కడుపు నొప్పంట" అన్నాడు ఆయన. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు.

ఆ రాత్రి రెండో బ్యాచిని పంపేసి బయటికొచ్చాను. మా గది పక్కింటావిడ గుమ్మం ముందు కూర్చుని ఉంది. ఆ దీవిలో ప్రతి వీధిలోనూ ఇనుప చట్రానికి తాళ్ళతో అల్లిన కుర్చీలుంటాయి, జోలీ అంటారు. కూర్చుంటే ఉయ్యాలలో పడ్డట్టు లోపలికి దిగబడిపోతాం. నేనావిడని దత్తా అనేదాన్ని, వాళ్ళ భాషలో అక్క అని. పొద్దున్నే ఈనెల చీపురుతో వీధి ఊడ్చే ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు. వచ్చీరాని ఇంగ్లీషులో అంది, "టీచర్, నువ్వు వచ్చి ఎనిమిది నెలలు. ఒక్కరోజు కూడా ఇక్కడ కూర్చోలేదు."

కూర్చున్నాను. ఆవిడ నల్ల టీ, చేపముక్కలు పెట్టి వేయించిన వడల్లాంటివి ఇచ్చింది. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి మసీదు నుంచి పిలుపు వినిపిస్తే లేచి లోపలికెళ్ళింది. ఎదురుగా ఉన్న కొట్టువాడు తలుపు మూసి వెళ్ళాడు. అది నేను రోజూ చూస్తున్నదే. నమాజు వేళకి ఆ దేశంలో కొట్లు పావుగంట మూస్తారు. ఉల్లిపాయలు తూస్తూ కూడా ఆపేస్తారు. మొదట్లో నాకు చిరాకేసేది, ఆ పావుగంట ఎదురుచూడ్డానికి. ఆ రోజు మాత్రం మా ఊళ్ళో ఇటుకల పండగ గుర్తొచ్చింది. చైత్రంలో ఆ పండగ వస్తే మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బస్సునీ జీపునీ కూడా ఆపుతారు. చందా ఇచ్చేదాకా కదలనివ్వరు. అన్ని రోజులూ పొలం పని ముట్టరు. విత్తనాల పని ఎంత తరుముతున్నా సరే. మా యమ్మ బతుకంతా పనే, కానీ ఆ రోజుల్లో చేట కూడా పట్టుకోదు. మోరీ, తుడుము మోగితే అరవయ్యేళ్ళ మనిషి ధింసా గొలుసులో చేతులు కలుపుతుంది. చదువుకుని ఉద్యోగం చేసిన నాకు గత పదేళ్ళలో ఒక్క పండక్కీ పూర్తిగా ఉండటం కుదరలేదు. పరీక్షలనో, ఇన్‌స్పెక్షననో.

ఉద్యోగానికీ బతుక్కీ మధ్య సమతూకం అని ఈ మధ్య పత్రికల్లో రాస్తున్నారు, పట్నం వాళ్ళ సమస్య అన్నట్టు. మా అమ్మావాళ్ళకి ఆ తక్కెడ అవసరం లేదు. కలుపు తీస్తూనే పాడతారు, పొలం గట్టు మీదే బిడ్డకి పాలిస్తారు, పండగొస్తే పని మానేస్తారు. అందులో నుంచి మొదట బయటికొచ్చి జీతం తీసుకున్న తరం మాది. గంట కొట్టే బతుకు మాకు కొత్త. ఎప్పుడు ఆపాలో మాకెవరూ నేర్పలేదు.

మర్నాడు లీడింగ్ టీచర్ దగ్గరికెళ్ళాను. ఆదివారం ఇంటర్వెల్లో ఇరవై నిమిషాలు ఫోన్ వాడుకుంటానని అడిగాను. ఇంటర్వెల్ పది గంటలకి. అంటే మా అమ్మాయి హాస్టల్లో పదిన్నర, ఫోన్ గంటలోనే పడుతుంది. ఎనిమిది నెలలుగా ఈ లెక్క నాకు తట్టలేదంటే సిగ్గుగా ఉంటుంది, లెక్కల టీచర్ని. తట్టలేదు అనడం కూడా పూర్తి నిజం కాదు. అడగడానికి భయపడ్డాను. అడిగితే ఆవిడ ఒక్క ప్రశ్నే వేసింది. "ఆ టైములో పిల్లల్ని చూసే డ్యూటీ నీది. ఎవరు చూస్తారు?" కేరళ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన ఆదివారం డ్యూటీ తీసుకున్నారు, నేను ఆయన బుధవారం డ్యూటీ తీసుకున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

సాయంత్రం రెండో బ్యాచి మానేశాను. నెలకి మన డబ్బులో పది వేల దాకా తగ్గింది. మా ఆయనకి చెబితే, "స్లాబయిపోయింది కదా, గచ్చు నెమ్మదిగా చేసుకుందాం" అన్నాడు. రాత్రి తొమ్మిది తర్వాత వైబర్ చూడనని తల్లిదండ్రుల గ్రూపులోనే మర్యాదగా రాశాను. రాశాక ఆ రాత్రంతా భయపడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ బొటనవేలి బొమ్మ పెట్టింది.

ఇంత చేసినా మా అమ్మాయి ఫోన్ దగ్గరికి రాలేదు. ప్రతి ఆదివారం పదింటికి బడి వెనక బాదం చెట్టు కిందకెళ్ళి ఫోన్ చేస్తాను. హాస్టల్లో మేడం ఎత్తుతారు. పిలుస్తారు. "రానంటోందమ్మా" అంటారు. సరే అని ఆవిడతోనే రెండు మాటలు మాట్లాడి పెట్టేసి, మిగతా సమయమంతా ఆ చెట్టు కిందే నిలబడేదాన్ని. ఒకవేళ మనసు మార్చుకుని తిరిగి చేస్తుందేమోనని. అలా ఎనిమిది ఆదివారాలు.

తొమ్మిదో ఆదివారం ఫోన్లో ఊపిరి వినిపించింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"అక్కడ టైమెంత?" అంది.

"పదీ ఐదు."

"ఇక్కడ పదీ ముప్పై ఐదు. అంటే మాకంటే నువ్వు అరగంట ఎనకాలున్నావా?"

"అవునమ్మా."

"మరి నీకెందుకంత తొందర?"

నాకేం చెప్పాలో తెలియలేదు. తప్పయిందమ్మా అన్నాను. తను దానికేమీ అనలేదు. పెట్టె సంగతి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. రెండు నెలల కిందటి గొడవ, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఆ పెట్టెలో ఉన్నది నేను వెళ్ళేటప్పుడు తనకిచ్చిన నా పాత దువ్వెన.

2018 జూలైలో మా యమ్మ పడిపోయింది. నాట్లకి నారు మోస్తూ గట్టు మీద జారి తుంటి ఎముక విరిగింది. డోలీలో రోడ్డు దాకా తెచ్చి, అక్కడినుంచి పాడేరు, పాడేరు నుంచి విశాఖ. ఈ సంగతి నాకు చెప్పాలా వద్దా అని ఇంట్లో ఒక పూట ఆలోచించుకున్నారట. సెలవు వెంటనే ఇచ్చారు. కానీ అది నైరుతి గాలుల కాలం, సముద్రం పోటు మీదుంది, రెండు రోజులు పడవ బయల్దేరలేదు. బట్టలు సర్దుకుని రేవులో కూర్చున్నాను. మన ఊళ్ళో గెడ్డ పొంగితే అవతల ఒడ్డున ఆగిపోవడం నాకు తెలుసు. ఎంత పొంగినా సాయంత్రానికి తగ్గుతుంది. ఆ నీరు ఎప్పుడు తగ్గుతుందో ఎవర్ని అడగాలో కూడా తెలియదు. బయటి దేశం అంటే ఏమిటో నాకు ఆ రెండు రోజుల్లోనే అర్థమయింది. దత్తా రెండు పూటలా రేవుకి అన్నం తెచ్చిపెట్టింది.

నాలుగో రోజుకి విశాఖ చేరాను. అప్పటికే ఆపరేషన్ అయిపోయింది. మా యమ్మ నన్ను చూసి, "నల్లబడిపోనావు" అంది. తర్వాత, "ఎన్నాళ్ళుంటావు?" అంది. పన్నెండు రోజులన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

ఆ పన్నెండు రోజుల్లో మా కొత్తింట్లో మొదటిసారి పడుకున్నాను. ఫొటోల్లో చూసిన గోడలే. వంటింటి దర్వాజాకి పెన్సిలు గీతలున్నాయి, సెలవులకి వచ్చినప్పుడల్లా తండ్రి కూతురి ఎత్తు గీశాడు. ఐదు గీతలు. ఆ గీతలు ఏ ఫొటోలోనూ పడలేదు.

డిసెంబరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు, జీతం కొంచెం పెంచుతామన్నారు. అప్పు ఇంకా ఎనభై వేలుంది. ఉండిపోతే అప్పు తీరి చేతిలో నాలుగు డబ్బులు మిగిలేవి. ఇక్కడికొస్తే నా పాత కాంట్రాక్టు ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. అక్టోబరులో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ మూసే అలవాటు అప్పటికి కుదిరింది కాబట్టి చదువుకోవడానికి ఆ సమయం దొరికింది. డిసెంబరులో వచ్చేశాను. నేను తెలివైన పని చేశానని చెప్పను. ఉద్యోగం రాకపోయి ఉంటే ఇదే నిర్ణయాన్ని మా ఊళ్ళో అందరూ పిచ్చిపని అనేవారు, నేను కూడా అనుకునేదాన్నేమో. పరీక్ష రాశాను, ఎస్జీటీగా ఎంపికయ్యాను, పోస్టింగు కోసం చాలా రోజులు ఎదురుచూశాను. అప్పు నాలుగేళ్ళకి తీరింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళకి నాకున్న దారి కూడా లేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకే సంతలో నన్ను ఆ అమ్మాయి ఆపింది. వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు లేదు. నేను వెళ్ళిన డబ్బుతో కట్టిన ఇంట్లో కూర్చునే ఇది రాస్తున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. తిరిగొచ్చాక అంతా చక్కబడిందనుకుంటే పొరపాటు. ఇప్పుడు మా బడికి ఏదో ఒక యాప్ ఉంటుంది. హాజరు ఫొటో, భోజనం ఫొటో. కొన్నేళ్ళు మరుగుదొడ్డి ఫొటో కూడా ఉండేది. సిగ్నలు కోసం బడి వెనక గుట్ట ఎక్కాలి. రాత్రి తొమ్మిదిన్నరకి గ్రూపులో "అర్జంట్" అని మెసేజీ వస్తుంది. తోటి టీచర్లు చీకట్లో గుట్ట ఎక్కుతారు. నేను పొద్దున్నే ఎక్కుతాను. ఒకసారి సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. బడి వేళలో పిల్లల పని ఒక్కటీ ఆగలేదని, రిజిస్టర్లు చూసుకోమని రాశాను. మళ్ళీ అడగలేదు. అలా రాయగలగడం నాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

నిన్న ఆ అమ్మాయి తల్లిని వెంటపెట్టుకుని మా ఇంటికొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరులో కాంట్రాక్టు కాగితాలు. మా అమ్మాయి సెలవులకి ఇంటిదగ్గరే ఉంది, ఇప్పుడు నర్సింగు రెండో ఏడాది. అందరికీ చోడి అంబలి పోసింది. కాగితాలు నలుగురం మధ్యలో పెట్టుకుని చదివాం. జీతం ఉన్న పేజీ వాళ్ళు అప్పటికే బాగా చదివేశారు, మడత పడి నలిగి ఉంది. నేను పని గంటలున్న పేజీ తీశాను. సెలవులెన్ని, ఏడాదికోసారి టికెట్టు ఎవరు కొంటారు, ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ఎన్ని రోజులు ఇస్తారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. రెండు చోట్ల ఏమీ రాసిలేదు. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాను, ఏజెంటుని నోటిమాటతో కాకుండా రాతలో అడగమన్నాను. చోడిపిండి రెండు కిలోలు పట్టుకెళ్ళమని కూడా చెప్పాను.

తల్లి ఇంతసేపూ మాట్లాడలేదు. చివరికి అడిగింది.

"అక్కడ సెలవు ఏ రోజమ్మా?"

"శుక్రవారం, శనివారం."

"శనివారమా? మా ఊళ్ళో సిగ్నలు లేదు. శనివారం సంతకొస్తే ఫోన్ కలుస్తాది. పదకొండుకి సేరతాం సంతకి."

"అప్పుడక్కడ పదిన్నర" అంది మా అమ్మాయి, గిన్నెలు తీస్తూ.